సూక్ష్మ సూపర్ కెపాసిటర్లలో కార్బన్ నానోపదార్థాలు, వాహక పాలిమర్లు: పనితీరు - కొలత - పరిభాష

వ్యాససంగ్రహం:

అరచేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ పరికరాలకు, శరీరంపై ధరించే సంవేదకాలకు క్షణాల్లో విద్యుత్తు నింపుకొని క్షణాల్లో ఇవ్వగల నిల్వ సాధనాలు కావాలి. సూక్ష్మ సూపర్ కెపాసిటర్లు అలాంటివి. వీటి ఎలక్ట్రోడ్లను ప్రధానంగా రెండు రకాల పదార్థాలతో తయారుచేస్తున్నారు. మొదటివి ఉత్తేజిత కార్బన్, నానోట్యూబులు, గ్రాఫీన్ వంటి కార్బన్ నానోపదార్థాలు. రెండవవి పాలీఅనిలీన్, పాలీపిరోల్ వంటి వాహక పాలిమర్లు. ఈ రెండూ విద్యుదావేశాన్ని నిల్వచేసే తీరు, వాటి బలాబలాలు, రెండింటినీ కలిపి వాడటానికి గల కారణం, పరిశోధన ఫలితాల్లోని అంకెలను చదవవలసిన పద్ధతి ఈ వ్యాసంలో చర్చించబడ్డాయి. ఈ విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ‘శక్తి’, ‘సామర్థ్యం’ వంటి మాటలు కలిగించే అస్పష్టతను పరిశీలించి, కొన్ని సూచనలు చేయడం కూడా ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: సూపర్ కెపాసిటర్, విద్యుత్ ద్విస్తరం, మిథ్యా కెపాసిటెన్స్, గ్రాఫీన్, పాలీఅనిలీన్, నీలిమందు, శాస్త్రపరిభాష.

1. ఉపోద్ఘాతం:

డిగ్రీ విద్యార్థులకు అనువాదం బోధిస్తున్న సందర్భంలో ఈ వ్యాసకర్త ఒకనాడు తరగతిలో ఒక వాక్యం ఇచ్చి అర్థం చెప్పమనడం జరిగింది. ఆ వాక్యం: “సూపర్ కెపాసిటర్ల సామర్థ్యం బ్యాటరీలకంటే ఎక్కువ.” భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు ఇది నిజమన్నారు. వాణిజ్యశాస్త్రం చదివేవారు “అయితే ఫోన్లలో బ్యాటరీ తీసేసి దీన్నే పెట్టవచ్చు కదా!” అన్నారు. మొదటి వర్గం ‘సామర్థ్యం’ అనే మాటను పాఠ్యపుస్తకాల్లో ఉన్న అర్థంలో, అంటే ఒక సెకనులో ఎంత శక్తిని ఇవ్వగలదన్న అర్థంలో తీసుకుంది. రెండవ వర్గం వాడుకలో ఉన్న అర్థంలో, అంటే ఎంత పట్టగలదన్న అర్థంలో తీసుకుంది. మొదటి అర్థంలో వాక్యం నిజం. రెండవ అర్థంలో పూర్తిగా అబద్ధం. ఒకే మాట ఒకే వాక్యాన్ని రెండు విధాలా నడిపించింది.

ఇది కేవలం తరగతి గది సమస్య కాదు. శక్తి నిల్వ గురించిన వార్తలు, పాఠాలు, ప్రాజెక్టు నివేదికలు తెలుగులోకి వస్తున్నప్పుడు ఇటువంటి పొరపాట్లు కూడా వెంట వస్తున్నాయి. పదాన్ని సరిదిద్దాలంటే ముందు విషయం తెలియాలి. కాబట్టి ఈ వ్యాసం మొదట విషయాన్ని వివరించి, చివర పరిభాష దగ్గరకు వస్తుంది.

2. కెపాసిటర్ నుండి సూపర్ కెపాసిటర్ వరకు:

2.1 ఆవేశాన్ని నిల్వచేయడం:

విద్యుదావేశాన్ని ఒకచోట నిల్వచేయవచ్చునని 1745-46 మధ్యకాలంలో ఐరోపాలో ఇద్దరు వేర్వేరుగా గుర్తించారు. వారు జర్మనీకి చెందిన ఎవాల్డ్ ఫాన్ క్లైస్ట్, హాలండ్‌లోని లేడెన్ నగరానికి చెందిన పీటర్ వాన్ ముషెన్‌బ్రూక్. గాజుపాత్రకు లోపల, వెలుపల వాహకాలు ఉండి, నడుమ గాజు అడ్డుగా ఉండే ఆ సాధనానికి లేడెన్ జాడీ అని పేరు. నేటి సాధారణ కెపాసిటర్ కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది. రెండు వాహక ఫలకాలు, వాటి మధ్య విద్యుత్తును పోనివ్వని ఒక పొర ఉంటాయి. ఫలకాల వైశాల్యం పెరిగితే కెపాసిటెన్స్ పెరుగుతుంది. వాటి మధ్య దూరం తగ్గినా పెరుగుతుంది. ఈ రెండు నియమాలే సూపర్ కెపాసిటర్ చరిత్రంతటికీ మూలం.

2.2 విద్యుత్ ద్విస్తరం:

లవణద్రావణంలో ఒక లోహాన్ని ముంచి దానికి ఆవేశం ఇస్తే, ద్రావణంలోని వ్యతిరేక ఆవేశం గల అయాన్లు దాని ఉపరితలానికి చేరువగా వచ్చి బారులు తీరుతాయి. లోహం వైపు ఒక ఆవేశ పొర, ద్రావణం వైపు మరొక ఆవేశ పొర ఏర్పడతాయి. దీనినే విద్యుత్ ద్విస్తరం అంటారు. హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ 1853లో దీనిని వివరించాడు. తరువాత గూయ్ (1910), చాప్‌మన్ (1913), స్టెర్న్ (1924) ఆ చిత్రాన్ని సవరించి, అయాన్లు కచ్చితమైన ఒకే బారులో కాక కొంత చెదిరి కూడా ఉంటాయని చూపారు.

ఇక్కడ గమనించవలసినది దూరం. సాధారణ కెపాసిటర్‌లో రెండు ఫలకాల నడుమ ఎంత పలుచని పొర పెట్టినా దానికి ఒక హద్దు ఉంటుంది. ద్విస్తరంలో రెండు ఆవేశాల మధ్య దూరం ఒక నానోమీటరు కంటే తక్కువ, అంటే ఒకటి రెండు అణువుల మందం మాత్రమే. దూరాన్ని ప్రకృతే తగ్గించింది. ఇక మనిషి చేయవలసింది వైశాల్యాన్ని పెంచడం. ఆ పని రంధ్రాలతో నిండిన బొగ్గు చేసింది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన హొవార్డ్ బెకర్ రంధ్రయుత కార్బన్ ఎలక్ట్రోడ్లతో చేసిన కెపాసిటర్‌కు 1957లో అమెరికాలో పేటెంటు లభించింది. 1970వ దశకంలో జపాన్‌కు చెందిన ఎన్.ఇ.సి. సంస్థ ‘సూపర్ కెపాసిటర్’ అనే పేరుతో వీటిని విపణిలోకి తెచ్చింది.

2.3 గాదె - గంప:

బ్యాటరీలో శక్తి రసాయన చర్యల ద్వారా నిల్వ అవుతుంది. అయాన్లు ఎలక్ట్రోడ్ పదార్థపు లోతుల్లోకి పోవాలి, తిరిగి రావాలి. అందువల్ల ఎక్కువ శక్తి పడుతుంది గాని, నింపడానికీ తీయడానికీ కాలం పడుతుంది. సూపర్ కెపాసిటర్‌లో అయాన్లు ఉపరితలం మీదనే నిలుస్తాయి. వెంటనే వస్తాయి, వెంటనే పోతాయి. ఊళ్లో ధాన్యపు గాదెను, చేతి గంపను పోల్చి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. గాదెలో ఏడాది గింజలు పడతాయి గాని చిన్న ద్వారం గుండా కొద్దికొద్దిగానే తీయాలి. గంపలో పట్టేది కొంచెమే. కాని ఒక్కసారిగా గుమ్మరించవచ్చు.

అంకెల్లో చూస్తే, నేటి లిథియం అయాన్ బ్యాటరీ కిలోకు సుమారు 150 నుండి 250 వాట్-గంటల శక్తిని నిల్వచేస్తుంది. విపణిలో దొరికే కార్బన్ సూపర్ కెపాసిటర్ కిలోకు 5 నుండి 10 వాట్-గంటలు మాత్రమే నిల్వచేస్తుంది. అయితే బ్యాటరీ కొన్ని వందల నుండి కొన్ని వేల ఆవృత్తాలలో (ఒకసారి నింపి ఖాళీ చేయడం ఒక ఆవృత్తం) అలసిపోతుంది. కార్బన్ సూపర్ కెపాసిటర్ లక్షల ఆవృత్తాలను తట్టుకుంటుంది. కాబట్టి ఇవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. పనులు పంచుకొనే జంట.

3. కార్బన్ నానోపదార్థాలు:

3.1 ఉపరితల వైశాల్యం:

కొబ్బరి చిప్పల వంటి పదార్థాన్ని గాలి చొరని చోట కాల్చి, ఆవిరితో గాని పొటాషియం హైడ్రాక్సైడ్ వంటి రసాయనంతో గాని ఉత్తేజపరిస్తే దానిలో లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రాలు ఏర్పడతాయి. ఇదే ఉత్తేజిత కార్బన్. దీని ఒక్క గ్రాముకు 1000 నుండి 2000 చదరపు మీటర్లకు పైగా ఉపరితలం ఉంటుంది. నేటికీ వాణిజ్య సూపర్ కెపాసిటర్లలో ఎక్కువగా వాడేది దీనినే. మన దగ్గర హైదరాబాదులోని ఎ.ఆర్.సి.ఐ. పరిశోధన సంస్థ పారిశ్రామిక పత్తి వ్యర్థాల నుండి ఇటువంటి కార్బన్‌ను రూపొందించింది.

వైశాల్యం ఎంత ఉంటే అంత కెపాసిటెన్స్ రావాలి కదా అనిపిస్తుంది. ఆచరణలో అలా జరగదు. రంధ్రం ఉన్నంత మాత్రాన అయాన్ అందులోకి పోగలగాలని లేదు.

3.2 రంధ్రం పరిమాణం - అయాన్ పరిమాణం:

ద్రావణంలో అయాన్ ఒంటరిగా ఉండదు. దాని చుట్టూ ద్రావణి అణువులు మూగి ఉంటాయి. ఆ పరివారంతో కలిపితే దాని పరిమాణం పెద్దది. కాబట్టి ఒక నానోమీటరు కంటే చిన్న రంధ్రాలు నిరుపయోగమని చాలాకాలం భావించారు. 2006లో యూరీ గొగోట్సి, పాట్రిస్ సైమన్ బృందాలు కార్బైడుల నుండి తయారుచేసిన కార్బన్‌పై జరిపిన ప్రయోగాలు ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేశాయి. రంధ్రం ఒక నానోమీటరు కంటే తగ్గినప్పుడు కెపాసిటెన్స్ తగ్గకపోగా పెరిగింది. ఊరేగింపు కోలాహలమంతా మండపంలోనే ఆగిపోయి ఉత్సవమూర్తి ఒక్కటే గర్భగుడి ఇరుకు వాకిలి దాటినట్లు, అయాన్ తన ద్రావణి పరివారాన్ని కొంతవరకు వదులుకొని లోనికి పోతుంది. అప్పుడది గోడకు మరింత దగ్గరవుతుంది. దూరం తగ్గితే కెపాసిటెన్స్ పెరుగుతుందన్న మొదటి నియమమే ఇక్కడా పనిచేసింది.

అయితే కేవలం సూక్ష్మరంధ్రాలే ఉంటే అయాన్ల రాకపోకలు మందగిస్తాయి. ఇరుకు సందుల్లోకి చేరడానికి వెడల్పయిన వీధులు కూడా ఉండాలి. అందువల్ల చిన్న, మధ్యస్థ, పెద్ద రంధ్రాలు ఒక క్రమంలో ఉన్న కార్బన్‌ను తయారుచేయడమే ఈ రంగంలో ప్రధానమైన పని.

3.3 నానోట్యూబులు, గ్రాఫీన్:

1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా కార్బన్ నానోట్యూబుల నిర్మాణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి ప్రకటించాడు. ఆయన అప్పుడు పనిచేస్తున్నది ఎన్.ఇ.సి. ప్రయోగశాలలోనే. నానోట్యూబుల ఉపరితలం ఉత్తేజిత కార్బన్ కంటే తక్కువే. కాని వాటి వాహకత ఎక్కువ. చిక్కుపడిన దారాల్లా అల్లుకొని, అయాన్లు సులువుగా తిరిగే ఖాళీలను మిగులుస్తాయి. కాబట్టి అవి గోదాములుగా కంటే రహదారులుగా ఎక్కువ పనికివస్తాయి.

గ్రాఫీన్ అంటే ఒకే ఒక పరమాణువు మందం గల కార్బన్ పొర. ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్‌లు 2004లో దీనిని వేరుచేసి చూపి, 2010లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి పొందారు. రెండు ముఖాలనూ లెక్కిస్తే ఒక గ్రాము గ్రాఫీన్‌కు 2630 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. ఒక చదరపు సెంటీమీటరుకు సుమారు 21 మైక్రోఫారడ్‌ల కెపాసిటెన్స్ అనుకొంటే, రెండింటినీ గుణించగా గ్రాముకు దాదాపు 550 ఫారడ్‌లు వస్తాయి. ఇది సిద్ధాంతపరమైన గరిష్ఠం. కాని గ్రాఫీన్ పొరలు ఆరిన వెంటనే తడిసిన కాగితాల్లా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. లోపలి ముఖాలు మూసుకుపోతాయి. అందువల్ల ఆచరణలో కార్బన్ ఎలక్ట్రోడ్లకు సాధారణంగా లభించేది గ్రాముకు 100 నుండి 200 ఫారడ్‌ల ప్రాంతమే. ఈ అతుకును నివారించడమే గ్రాఫీన్ పరిశోధనలో అసలు సమస్య. దీనికి ఒక పరిష్కారం వాహక పాలిమర్ల వైపు నుండి వచ్చింది.

4. వాహక పాలిమర్లు:

4.1 నీలిమందు నుండి అనిలీన్:

వాహక పాలిమర్లలో సూపర్ కెపాసిటర్ల కోసం విస్తృతంగా పరిశోధించినవాటిలో పాలీఅనిలీన్ ముందుంటుంది. దాని మూలపదార్థం అనిలీన్. ఈ పేరు వెనుక భాషాచరిత్ర ఒకటి ఉంది. సంస్కృత ‘నీల’ శబ్దం పారశీక, అరబ్బీ భాషల గుండా పోర్చుగీసులోకి ‘అనిల్’గా చేరింది. అరబ్బీలోని ఉపపదం శబ్దానికి ముందు అతుక్కోవడం వల్ల మొదటి అకారం వచ్చింది. 1840లో కార్ల్ యూలియస్ ఫ్రిట్షే నీలిమందును క్షారంతో వేడిచేసి ఒక నూనెవంటి ద్రవాన్ని రాబట్టి, దానికి ‘అనిలీన్’ అని పేరు పెట్టాడు. ఒకప్పుడు కడప, నెల్లూరు ప్రాంతాల్లో విస్తారంగా పండి సముద్రాలు దాటిన నీలిమందు పేరే ఈనాటి పాలీఅనిలీన్‌లోనూ ఉంది.

1862లో లండన్‌లో హెన్రీ లెథబీ అనిలీన్ ద్రావణంలో విద్యుత్తును పంపినప్పుడు ప్లాటినం ఎలక్ట్రోడ్‌పై ముదురు రంగు పదార్థం పేరుకొంది. ఆ పదార్థం విద్యుత్తును ప్రసరింపజేయగలదని తెలియడానికి మరో శతాబ్దం పట్టింది.

4.2 ప్లాస్టిక్‌లో విద్యుత్తు:

పాలిమర్ అనగానే తీగలపై తొడిగే ప్లాస్టిక్ తొడుగు గుర్తుకువస్తుంది. అది విద్యుత్తును ఆపేది. హిదెకి షిరకావా ప్రయోగశాలలో పొరపాటున వేయి రెట్లు ఎక్కువ ఉత్ప్రేరకం వేయడం వల్ల వెండిలా మెరిసే పాలీఎసిటిలీన్ పొర ఏర్పడింది. దానిపై ఆసక్తితో అలన్ మాక్‌డయార్మిడ్ ఆయనను అమెరికాకు ఆహ్వానించాడు. అలన్ హీగర్‌తో కలిసి వారు 1977లో ఆ పొరకు అయొడిన్ ఆవిరి తగిలించినప్పుడు దాని వాహకత కోటి రెట్లు పెరిగింది. ఈ ముగ్గురికీ 2000 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఇందులోని రహస్యం రెండు అంశాల్లో ఉంది. ఒకటి, ఆ పాలిమర్ గొలుసులో ఏకబంధం, ద్విబంధం ఒకటి విడిచి ఒకటిగా వరుసగా ఉండాలి. రెండు, ఆ వరుసలో నుండి కొన్ని ఎలక్ట్రాన్లను తొలగించాలి, లేదా చేర్చాలి. దీనినే డోపింగ్ అంటారు. పూర్తిగా నిండిన సభలో ఎవరూ కదలలేరు. ఒక కుర్చీ ఖాళీ అయితే ఒకరి తరువాత ఒకరు జరగవచ్చు. ఎలక్ట్రాన్ తొలగిన ఖాళీ కూడా అలాగే గొలుసు వెంట కదులుతుంది.

పాలీఅనిలీన్‌కు మూడు ముఖ్య స్థితులు ఉన్నాయి: పూర్తిగా క్షయకరణం చెందినది, సగం ఆక్సీకరణం చెందినది, పూర్తిగా ఆక్సీకరణం చెందినది. వీటిలో సగం ఆక్సీకరణం చెంది, ఆమ్లంతో ప్రోటాన్లను గ్రహించిన ఆకుపచ్చని రూపమే మంచి వాహకం. మిగిలిన రెండు చివరి స్థితులూ దాదాపు అవాహకాలే.

4.3 మిథ్యా కెపాసిటెన్స్:

పాలీఅనిలీన్ నుండి ఎలక్ట్రాన్ తొలగినప్పుడు, ఆవేశ సమతుల్యం కోసం ద్రావణంలోని ఋణ అయాన్ గొలుసుల మధ్యకు చేరుతుంది. ఎలక్ట్రాన్ తిరిగి వచ్చినప్పుడు అయాన్ బయటకు పోతుంది. అంటే ఇక్కడ జరిగేది ఆక్సీకరణ-క్షయకరణ చర్య. ఇది బ్యాటరీ స్వభావం. కాని ఈ చర్య ఒకే వోల్టేజి వద్ద కాక ఒక విస్తృతమైన వోల్టేజి పరిధిలో క్రమంగా, వేగంగా జరుగుతుంది కాబట్టి బయటి నుండి చూస్తే కెపాసిటర్‌లాగే కనిపిస్తుంది. దీనిని మిథ్యా కెపాసిటెన్స్ అంటారు. కెనడాలోని ఒట్టావాలో బ్రయన్ కాన్వే 1970వ దశకం నుండి రుథీనియం ఆక్సైడుపై చేసిన కృషితో ఈ భావన స్థిరపడింది.

దీనివల్ల కలిగే లాభాన్ని లెక్కవేయవచ్చు. పాలీఅనిలీన్‌లో ఒక్కొక్క ప్రమాణం గ్రాము-అణుభారం సుమారు 91. ప్రతి రెండు ప్రమాణాలకు ఒక ఎలక్ట్రాన్ చొప్పున లెక్కిస్తే గ్రాముకు దాదాపు 530 కూలుంబుల ఆవేశం వస్తుంది. గ్రాముకు 150 ఫారడ్‌ల కార్బన్ ఎలక్ట్రోడ్ ఒక వోల్ట్ పరిధిలో నిల్వచేసేది 150 కూలుంబులు మాత్రమే. కార్బన్‌లో ఉపరితలం మాత్రమే పనిచేస్తుంది. పాలిమర్‌లో లోపలి భాగం కూడా పాల్గొంటుంది.

4.4 వాహక పాలిమర్ల పరిమితి:

ఈ లాభానికి మూల్యం ఉంది. అయాన్లు లోపలికి పోయినప్పుడు పాలిమర్ ఉబ్బుతుంది. బయటకు వచ్చినప్పుడు కుంచించుకుపోతుంది. వానకు ఉబ్బి ఎండకు ఎండే నల్లరేగడి నేల నెర్రెలు విచ్చినట్లు, ఆవృత్తం వెంట ఆవృత్తం ఈ కదలిక వల్ల పొర పగులుతుంది, ఎలక్ట్రోడ్ నుండి ఊడిపోతుంది. కార్బన్ లక్షల ఆవృత్తాలు తట్టుకొనే చోట, కేవలం పాలిమర్‌తో చేసిన ఎలక్ట్రోడ్ కొన్ని వేల ఆవృత్తాల్లోనే చాలా భాగం కోల్పోవచ్చు. పైగా వోల్టేజి హద్దు దాటితే పాలీఅనిలీన్ మరింతగా ఆక్సీకరణం చెంది, గొలుసు తెగి, తిరిగిరాని విధంగా క్షీణిస్తుంది.

మరొక చిక్కు కూడా ఉంది. రెండు ఎలక్ట్రోడ్లనూ ఒకే పాలిమర్‌తో చేస్తే, పూర్తిగా ఛార్జ్ అయిన స్థితిలో ఋణ ఎలక్ట్రోడ్ క్షయకరణం చెంది అవాహక రూపానికి చేరుతుంది. నిరోధం పెరిగి, విద్యుత్తును వేగంగా ఇవ్వవలసిన సమయంలో పరికరం తడబడుతుంది. అందుకే ధన ఎలక్ట్రోడ్‌కు పాలిమర్‌ను, ఋణ ఎలక్ట్రోడ్‌కు కార్బన్‌ను వాడే అసౌష్ఠవ నిర్మాణాలు ప్రచారంలోకి వచ్చాయి.

5. సంయుక్త ఎలక్ట్రోడ్లు:

పై చర్చను బట్టి రెండు పదార్థాల గుణదోషాలు ఒకదానికొకటి పూరకాలుగా ఉన్నాయని తెలుస్తుంది. కార్బన్‌కు దృఢత్వం, వాహకత ఉన్నాయి, నిల్వ తక్కువ. పాలిమర్‌కు నిల్వ ఉంది, దృఢత్వం తక్కువ. కార్బన్‌ను అస్థిపంజరంగా నిలిపి, దానిపై కొన్ని పదుల నానోమీటర్ల మందంలో పాలిమర్‌ను పూతగా వేస్తే మూడు ప్రయోజనాలు కలుగుతాయి. పూత పలుచగా ఉండటం వల్ల అయాన్లు పోవలసిన దూరం తగ్గుతుంది. ఉబ్బినా కుంచించుకున్నా అస్థిపంజరం ఆ ఒత్తిడిని కొంత భరిస్తుంది. పాలిమర్ అవాహక స్థితికి చేరినా ఎలక్ట్రాన్లకు కార్బన్ మార్గం మిగిలి ఉంటుంది. గ్రాఫీన్ విషయంలో నాలుగవ ప్రయోజనం కూడా ఉంది: పొరల మధ్య చేరిన పాలిమర్ వాటిని అతుక్కోకుండా ఎడం చేస్తుంది.

పూత వేయడానికి రెండు ప్రధాన పద్ధతులు ఉన్నాయి. మొదటిది రసాయన పద్ధతి. కార్బన్ ఉన్న ఆమ్ల ద్రావణంలో అనిలీన్ కలిపి, అమ్మోనియం పర్‌సల్ఫేట్ వంటి ఆక్సీకరణిని చల్లని స్థితిలో చేర్చితే కార్బన్‌పై ఆకుపచ్చని పాలీఅనిలీన్ ఏర్పడుతుంది. పెద్ద మొత్తంలో చేయడానికి ఇది అనువైనది. రెండవది విద్యుద్రసాయన పద్ధతి. కార్బన్‌నే ఎలక్ట్రోడ్‌గా పెట్టి దానిపైనే పాలిమర్‌ను పెంచుతారు. ఎంత ఆవేశం పంపామో దాన్ని బట్టి పూత మందాన్ని నియంత్రించవచ్చు కాబట్టి చిన్న పరికరాలకు ఇది మేలు.

ఇక్కడ పాళ్లే ముఖ్యం. పాలిమర్ మరీ తక్కువైతే లాభం కనిపించదు. మరీ ఎక్కువైతే రంధ్రాలు పూడుకుపోయి, లోపలి పొరలు అయాన్లకు అందక, మళ్లీ పాత సమస్యే ఎదురవుతుంది.

6. సూక్ష్మ పరికరాల నిర్మాణం:

పెద్ద సూపర్ కెపాసిటర్‌లో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఒక వేర్పాటు పొర పెట్టి చుడతారు. సూక్ష్మ పరికరంలో అందుకు వీలుండదు. రెండు చేతుల వేళ్లను ఒకదాని సందుల్లో ఒకటి తగలకుండా ఉంచినట్లు, ఒకే తలంపై రెండు ఎలక్ట్రోడ్లను పక్కపక్కన అమర్చుతారు. వేళ్ల మధ్య ఎడం కొన్ని పదుల నుండి కొన్ని వందల మైక్రోమీటర్లు ఉంటుంది. ఎడం తగ్గినకొద్దీ అయాన్ల ప్రయాణం తగ్గి, స్పందన వేగం పెరుగుతుంది.

ఈ నమూనాను గీయడానికి లేజరు బాగా ఉపయోగపడింది. 2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (లాస్ ఏంజెలిస్)లో మహేర్ అల్-కాదీ, రిచర్డ్ కేనర్ బృందం మామూలు డి.వి.డి. రైటర్‌లోని లేజరుతో గ్రాఫైట్ ఆక్సైడు పొరను గ్రాఫీన్‌గా మార్చి చూపింది. మరుసటి ఏడాది అదే పద్ధతిలో ఒక డిస్కుపై వందకు పైగా సూక్ష్మ సూపర్ కెపాసిటర్లను అరగంటలో గీయగలిగారు. 2014లో రైస్ విశ్వవిద్యాలయంలోని జేమ్స్ టూర్ బృందం పాలీఇమైడ్ ప్లాస్టిక్ పలకపై కార్బన్ డయాక్సైడ్ లేజరు పోనిచ్చి నేరుగా గ్రాఫీన్ నురగను రాబట్టింది. ఇలా గీసిన కార్బన్ వేళ్లపై పాలిమర్‌ను విద్యుద్రసాయన పద్ధతిలో పెంచడం తరువాతి మెట్టు.

ద్రవ విద్యుద్విశ్లేష్యం కారిపోయే ప్రమాదం ఉంది కాబట్టి పాలీవినైల్ ఆల్కహాల్‌లో సల్ఫ్యూరిక్ లేదా ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపిన జిగురు వంటి పదార్థాన్ని వాడతారు. వంచినా ఇది కారదు. కాని మూత సరిగా లేకపోతే ఆరిపోతుంది. పరిశోధన పత్రాల్లో అంతగా కనిపించని ఈ చిన్న విషయమే పరికరం ఆయువును నిర్ణయిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక చదరపు సెంటీమీటరు పరికరానికి 10 మిల్లీఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉందనుకుందాం. దానిని ఒక వోల్ట్ వరకు ఛార్జ్ చేశామనుకుందాం. నిల్వ శక్తి అంటే కెపాసిటెన్స్‌ను వోల్టేజి వర్గంతో గుణించగా వచ్చినదానిలో సగం. కాబట్టి 5 మిల్లీజౌల్స్. వోల్టేజి సగానికి పడేవరకు వాడుకొంటే అందులో 75 శాతం, అంటే 3.75 మిల్లీజౌల్స్ లభిస్తాయి. ఒక సంవేదకం తన సమాచారాన్ని రేడియో ద్వారా పంపడానికి 30 మిల్లీవాట్లు, 10 మిల్లీసెకన్ల పాటు తీసుకొంటే అది ఖర్చు చేసేది 0.3 మిల్లీజౌల్. కాబట్టి ఈ బిళ్ల సుమారు 12 సార్లు సమాచారాన్ని పంపగలదు. పక్కన చిన్న సౌరఫలకం ఉండి మళ్లీ మళ్లీ నింపుతుంటే ఈ నిల్వ చాలు. ఫోన్‌ను రోజంతా నడపడానికి మాత్రం చాలదు.

7. అంకెలను చదవవలసిన తీరు:

పరిశోధన విద్యార్థులు తరచు చూసే అంకె ‘గ్రాముకు ఇన్ని ఫారడ్‌లు’. ఇది నిజమే అయినా తప్పుదారి పట్టించవచ్చు. దీనికి మూడు కారణాలున్నాయి.

మొదటిది, ఒక ఎలక్ట్రోడ్ విలువకు, మొత్తం పరికరపు విలువకు తేడా. పరికరంలో రెండు ఎలక్ట్రోడ్లు శ్రేణిలో ఉంటాయి. కెపాసిటెన్స్ సగమవుతుంది, బరువు రెట్టింపవుతుంది. అందువల్ల గ్రాముకు 200 ఫారడ్‌ల ఎలక్ట్రోడ్లతో చేసిన పరికరానికి వచ్చేది గ్రాముకు 50 ఫారడ్‌లే. ఒక వోల్ట్ వద్ద ఇది గ్రాముకు 25 జౌల్స్, అంటే కిలోకు సుమారు 7 వాట్-గంటలు. ఇంకా విద్యుద్విశ్లేష్యం, లోహపు రేకు, మూత ఇవన్నీ కలిపితే క్రియాశీల పదార్థం మొత్తం బరువులో సుమారు 30 శాతమే ఉంటుంది. అప్పుడు మిగిలేది కిలోకు 2 వాట్-గంటలు. గ్రాముకు 200 అన్న అంకె కిలోకు 2 అన్న అంకెగా ముగిసింది. రెండూ సత్యాలే.

రెండవది, మందం. చాలా పలుచని పొరకు గ్రాము విలువ అద్భుతంగా ఉంటుంది. కాని అక్కడున్నది మైక్రోగ్రాముల పదార్థమే. సూక్ష్మ పరికరాలకు సంబంధించినంతవరకు గ్రాముకు ఎంత అన్నది కాక, చదరపు సెంటీమీటరుకు ఎంత అన్నది సరైన కొలత. గొగోట్సి, సైమన్‌లు 2011లో ఈ విషయాన్నే హెచ్చరికగా ప్రకటించారు.

మూడవది, స్వభావం. వోల్టేజిని సమాన వేగంతో పెంచుతూ తగ్గిస్తూ విద్యుత్ ప్రవాహాన్ని గీసినప్పుడు దీర్ఘచతురస్రం వస్తే అది కెపాసిటర్ స్వభావం. స్పష్టమైన శిఖరాలు విడివిడిగా వస్తే అది బ్యాటరీ స్వభావం. రెండవ రకం పదార్థాలకు ‘ఫారడ్‌లు’ అనే కొలతే వర్తించదు. అయినా అనేక పత్రాల్లో అలా వాడుతున్నారని 2015లో బ్రూస్, బెలాంజె, లాంగ్‌లు విమర్శించారు. పాలిమర్ ఎలక్ట్రోడ్లపై పనిచేసేవారు ఈ తేడాను ముందుగానే పరీక్షించుకోవాలి.

8. పరిభాష - కొన్ని సూచనలు:

విషయం తెలిసిన తరువాత మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చు.

8.1 ‘శక్తి’ అనే మాటను నిల్వకు, ‘సామర్థ్యం’ అనే మాటను శక్తిని ఇచ్చే రేటుకు వాడటం పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. కాని వాడుకలో ‘సామర్థ్యం’ పట్టుదలకు, పనితనానికి, నైపుణ్యానికి కూడా చెల్లుతోంది. శక్తి నిల్వ సాధనాల గురించి రాసేటప్పుడు ఈ మాటను ఒంటరిగా వాడకుండా, ప్రమాణాన్ని జతచేసి ‘కిలోకు ఇన్ని వాట్ల సామర్థ్యం’, ‘కిలోకు ఇన్ని వాట్-గంటల శక్తి’ అని రాయడం క్షేమం. పట్టుదలను చెప్పవలసినచోట ‘నిల్వ’ అనే తేలిక మాట చాలు. పెట్టినదానిలో ఎంత తిరిగి వచ్చిందన్న అర్థంలో ‘దక్షత’ ఉండనే ఉంది.

8.2 ‘అధిశోషణం’, ‘శోషణం’ అనే రెండు మాటల మధ్య ఒక్క ఉపసర్గే తేడా. కాని కార్బన్‌కూ పాలిమర్‌కూ ఉన్న భేదమంతా అందులోనే ఉంది. అయాన్ ఉపరితలంపై నిలవడం అధిశోషణం; లోపలికి ఇంకడం శోషణం. అనువాదంలో ఈ ఉపసర్గ జారిపోతే శాస్త్రార్థమే జారిపోతుంది.

8.3 ‘మిథ్యా కెపాసిటెన్స్’ అన్నప్పుడు ‘మిథ్య’ అంటే లేనిది అనే అర్థం స్ఫురించి, నిల్వే అబద్ధమనే భ్రమ కలగవచ్చు. ఇక్కడ నిల్వ నిజం. కెపాసిటర్‌గా తోచడం మాత్రమే పైరూపం. జీవశాస్త్రంలో ‘మిథ్యాపాదాలు’ అన్నప్పుడు ఆ జీవి కదలడం అబద్ధం కాదు కదా. ఆ పూర్వవాడుక ఉంది కాబట్టి ఈ మాటను కొనసాగిస్తూ, తొలి ప్రస్తావనలోనే ఒక వాక్యంలో వివరణ ఇవ్వడం మంచిది.

8.4 కెపాసిటర్, ఎలక్ట్రోడ్, పాలిమర్, గ్రాఫీన్ వంటి మాటలు విద్యార్థుల నోట ఇప్పటికే నిలిచాయి. వీటికి కొత్త సంస్కృత సమాసాలు కల్పించడం కంటే తెలుగు లిపిలో యథాతథంగా వాడుకోవడమే మేలు. భావాల మధ్య తేడా చెప్పవలసిన చోట తెలుగు మాట కావాలి. వస్తువు పేరు చెప్పవలసిన చోట అందరికీ తెలిసిన పేరు చాలు.

9. ముగింపు:

• సూపర్ కెపాసిటర్ బ్యాటరీకి ప్రత్యామ్నాయం కాదు. తక్కువ శక్తిని అతివేగంగా ఇచ్చి పుచ్చుకోవడం దాని పని.

• కార్బన్ నానోపదార్థాలు ఉపరితలంపై అయాన్లను నిలుపుతాయి. వాటి ఆయువు ఎక్కువ, నిల్వ పరిమితం. రంధ్రాల వైశాల్యం కంటే అయాన్‌కు తగిన రంధ్ర పరిమాణం ముఖ్యం.

• వాహక పాలిమర్లు తమ లోపలి భాగంలో కూడా ఆవేశాన్ని నిల్వచేస్తాయి. ఉబ్బి కుంచించుకోవడం వల్ల వాటి ఆయువు తక్కువ.

• కార్బన్ అస్థిపంజరంపై పలుచని పాలిమర్ పూత ఈ రెండింటి మధ్య సయోధ్య కుదురుస్తుంది. పాళ్లు, మందం, ధన-ఋణ ఎలక్ట్రోడ్ల ఎంపిక దాని జయాపజయాలను నిర్ణయిస్తాయి.

• సూక్ష్మ పరికరాలకు గ్రాము లెక్క కంటే చదరపు సెంటీమీటరు లెక్క సరైనది. ఎలక్ట్రోడ్ విలువను పరికరపు విలువగా చూపరాదు.

• తెలుగులో రాసేటప్పుడు ‘సామర్థ్యం’ వంటి బహ్వర్థక పదాలకు ప్రమాణాన్ని జతచేయాలి.

“సూపర్ కెపాసిటర్ల సామర్థ్యం బ్యాటరీలకంటే ఎక్కువ” అన్న వాక్యాన్ని ఆ తరగతి విద్యార్థులు చివరకు ఇలా తిరగరాశారు: “సూపర్ కెపాసిటర్‌లో పట్టే శక్తి బ్యాటరీకంటే తక్కువ, అది ఆ శక్తిని ఇచ్చే వేగం బ్యాటరీకంటే ఎక్కువ.” వాక్యం కొంత పొడవైంది. కాని భౌతికశాస్త్రం చదివినవారికీ, చదవనివారికీ ఒకే అర్థం ఇచ్చింది. శాస్త్రాన్ని తెలుగులో చెప్పేవారు కోరుకోవలసింది అదే.